బొంబాయి ఓడ ట్రింకోమలీ మోడల్: పక్కటెముకల అంచులు రుద్దడం

నమస్తే అండీ. ఇదిగో మన ఓడ, ఇప్పటికి ఒట్టి అస్థిపంజరం. ట్రింకోమలీ. బ్రిటిష్ నేవీ కోసం బొంబాయిలో జంషెట్జీ బొమన్‌జీ వాడియా కట్టిన యుద్ధనౌక, 1817లో నీళ్లలోకి దిగింది. అసలుది దాదాపు 46 మీటర్లు. మనది వందో వంతు, అంటే 46 సెంటీమీటర్లు.

కీల్, అంటే ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నెముక, ఇలా. పక్కటెముకలు ఇలా, ఇలా, గాడుల్లో. ఫెవికాల్. అయిపోయింది.

ప్లాన్ మాత్రం రెండు కాపీలు తీసుకోండి, ఒకటి కోసేస్తాం కాబట్టి. జంషెట్జీకి ఇంగ్లండ్ నుంచి పంపిన ప్లాన్లు దారిలోనే పోయాయి. వాటిని తెస్తున్న జావా అనే ఓడను 1812 డిసెంబరులో బ్రెజిల్ దగ్గర అమెరికన్లు పట్టుకుని, తర్వాత తగలబెట్టేశారు. మళ్లీ పంపాల్సి వచ్చింది, పని ఏళ్లు వెనక్కి పోయింది. సరే, ప్లాన్ పక్కన పెట్టండి.

ఇప్పుడు ఇక్కడ ఆగుదాం. ఇదిగో, ఈ ముందువైపు ఎముకలు. ఓడ ముక్కు దగ్గర సన్నబడుతుంది కదా, అంచు నిటారుగా ఉంటే పైన అంటించే పలక, అంటే సన్నటి చెక్క పట్టీ, ఒక మూల మీదే ఆనుతుంది. చూడండి, ఇక్కడ సందు కనిపిస్తోందా? నా మొదటి మోడల్‌లో ఇది వదిలేశా. వారం తిరక్కుండానే పలకలు ఒక్కొక్కటే లేచాయి. ఏడుపొక్కటే తక్కువ. అంచును వాలుగా రుద్దాలి, పలక వెడల్పంతా ఆనేదాకా. రుద్దండి, పట్టీ పెట్టి చూడండి. వెలుతురు కనిపించిందా? ఇంకా రుద్దండి. మళ్లీ పెట్టండి. గరుకు కాగితాన్ని వేళ్లకు చుట్టుకోవద్దు, గుంటలు పడతాయి. నేనైతే ప్లాస్టిక్ స్కేలుకి అంటించి వాడతా. కొన్న పనిముట్లేవీ దానికి సాటి రావు, నా మట్టుకు.

టేకు పట్టీలు వాడొచ్చా అని అడుగుతుంటారు. అసలు ఓడ మలబార్ టేకుదే. ఆ చెక్కలో నూనె ఉంటుంది, త్వరగా పుచ్చదు. అందుకే ట్రింకోమలీ ఇంగ్లండ్‌లోని హార్ట్‌లీపూల్‌లో ఇప్పటికీ తేలుతూ ఉంది. కానీ ఆ నూనె వల్లే మన జిగురు సరిగా పట్టదు. ఏదైనా మెత్తటి చెక్క తీసుకోండి.

సరుకుల ఓడ మోడల్ చేసేవాళ్లకీ ఈ రుద్దుడు తప్పదు. వాడియాలు చైనాకు పత్తి మోసే ఓడలు కూడా కట్టారు, అవీ టేకువే.

పట్టీ వేడినీళ్లలో నానబెట్టి, ఇలా వంచి, క్లిప్పు. ఇలా. రేపటిదాకా ఆ క్లిప్పు తీయకండి.