నదికి అరిగేది, అరగనిది

అందరికీ నమస్కారం.

మాట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయాలి. ఈ టేబుల్ మీదున్న గాజు కొలజాడీ ఒక లీటరుది. పక్కన క్యానులో ఉన్నవి మురుగునీటి శుద్ధి కేంద్రంలో గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నుంచి గంట కిందట పట్టుకొచ్చిన నీళ్ళు. క్యానును ఒకసారి కుదిపి, జాడీలో వెయ్యి గీత దాకా పోస్తున్నాను. చూడటానికి పాలు తక్కువైన టీలా ఉంది కదా. ముందు వరసలో వాళ్ళు ముక్కు మూసుకోనక్కర్లేదు, వచ్చేది తడిసిన మట్టి వాసనే. టైము చూసుకోండి. దీన్ని ఎవరూ కదపొద్దు. దీని సంగతి చివర్లో చెప్తాను.

ఇరవై ఏళ్ళకు పైగా నా ఉద్యోగం మురుగునీళ్ళతోనే. "ఆ కంపు ఎలా భరిస్తారండీ?" అనేది నన్ను అందరూ అడిగే మొదటి ప్రశ్న. కంపు మాకు ఒక మీటరు లాంటిది. మట్టి వాసన వస్తే ట్యాంకు ఆరోగ్యంగా ఉన్నట్టు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే లోపల ఆక్సిజన్ అయిపోయినట్టు. నేను ఈరోజు చెప్పబోయేదంతా ఆ ఆక్సిజన్ చుట్టూ తిరిగేదే.

అయితే ముందు ఒక మాట. నీళ్ళు మురికిగా కనబడటం, నీళ్ళు చెడిపోవడం ఒకటి కాదు. 1854లో లండన్‌లోని సోహో పేటలో కలరా వచ్చింది. చెడు గాలి వల్లే ఈ జబ్బు వస్తుందని అప్పట్లో పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవాళ్ళ ఇళ్ళన్నీ లెక్కేసి చూస్తే, అవన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ పోగుపడి ఉన్నాయి. ఆ నీళ్ళు పాడుగా ఉండేవా అంటే, లేదు. ఆ నీళ్ళ రుచికి అలవాటుపడి, పేట వదిలి దూరంగా వెళ్ళిపోయాక కూడా రోజూ సీసాలో తెప్పించుకునే పెద్దావిడ ఒకామె ఉండేది. ఆ దూరాన ఆవిడా కలరాతోనే పోయింది. గాలి అంత దూరం వెళ్ళి ఒక్క ఇంటినే పట్టుకోదు కదా! తర్వాత తవ్వి చూస్తే, ఆ బావికి మూడడుగుల దూరంలోనే ఒక ఇంటి మలగుంట. జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు అందులోకే పోయాయి. కంటికి తేటగా, నోటికి రుచిగా ఉన్న నీళ్ళే ఇంత పని చేశాయి.

రోగక్రిముల సంగతి అది. నదిని చంపేది మాత్రం చాలాసార్లు విషం కాదు, తిండి. మన వంటింటి నుంచి, మరుగుదొడ్డి నుంచి పోయే నీటిలో వెయ్యింట 999 వంతులు నీళ్ళే. మిగిలిన ఆ ఒక్క వంతులో మలం, అన్నం మెతుకులు, నూనె, సబ్బు ఉంటాయి. నదిలోని సూక్ష్మజీవులకు ఇదంతా విందు. తింటాయి, పెరుగుతాయి. తింటున్నంతసేపూ ఊపిరి తీసుకుంటాయి. చిక్కంతా అక్కడే వస్తుంది.

గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. నీటిలో ఎంతో తెలుసా? 20 డిగ్రీల వేడిలో, లీటరుకు 9 మిల్లీగ్రాములు. అంతకన్నా పట్టదు. 30 డిగ్రీలకు చేరితే ఏడున్నరే. అంటే ఎండాకాలంలో నది జేబులో డబ్బు తగ్గుతుంది, సూక్ష్మజీవుల ఆకలి మాత్రం పెరుగుతుంది. చేపలకు నాలుగైదు మిల్లీగ్రాములైనా ఉండాలి. రెండుకు పడిపోతే పారిపోగలిగినవి పారిపోతాయి, మిగిలినవి తేలతాయి. నాచు పట్టిన చెరువు గట్టుకు తెల్లవారుజామున వెళ్ళి చూడండి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని తాగేస్తుంది. సూర్యోదయానికి ముందు గంట చెరువుకు గండం.

ఈ ఆకలిని కొలవడానికి మా దగ్గర ఒక లెక్క ఉంది, బీఓడీ (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్) అంటాం. ఒక సీసాలో నీళ్ళు నింపి, గాలి చొరకుండా మూత బిగించి, 20 డిగ్రీల దగ్గర చీకట్లో 5 రోజులు ఉంచుతాం. మొదట్లో ఆక్సిజన్ ఎంత ఉంది, చివరికి ఎంత మిగిలింది అని చూసుకుంటే తేడా తెలుస్తుంది. ఇళ్ళ నుంచి వచ్చే మురుగునీటిలో ఇది సాధారణంగా లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. మధ్యలో 250 అనుకుందాం, 9తో భాగించండి. ఒక్క లీటరు మురుగు 28 లీటర్ల మంచి నీటి ఊపిరి మొత్తం లాగేస్తుంది.

ఇక్కడ మా వృత్తిలోని ఒక తప్పు ఒప్పుకోవాలి. 1912లో బ్రిటన్ రాయల్ కమిషన్ ఒక ప్రమాణం పెట్టింది. శుద్ధిచేసిన నీటిలో బీఓడీ లీటరుకు 20 మిల్లీగ్రాములు, తేలాడే మలినాలు 30 మిల్లీగ్రాములు దాటకూడదని. కానీ ఆ అంకెల వెనక ఒక షరతు ఉంది. ఆ నీటికి కనీసం ఎనిమిది రెట్లు శుభ్రమైన నదీజలం కలవాలి. తర్వాత ప్రపంచంలో చాలామంది 20, 30 అంకెలు రాసుకున్నారు, ఎనిమిది రెట్ల సంగతి మరిచిపోయారు. ఎండిన వాగులో పారేదంతా శుద్ధి కేంద్రం వదిలిన నీరే అయినప్పుడు, రిపోర్టులో "ప్రమాణాలకు లోబడి ఉంది" అని రాసుకోవడం నన్నడిగితే ఆత్మవంచనే.

నది తనంతట తాను తేరుకోదా అంటే, తేరుకుంటుంది. మురుగు కలిసిన చోటు నుంచి కిందికి వెళ్తూ ఆక్సిజన్ కొలిస్తే, అది మెల్లగా పడిపోయి, ఒక చోట అడుగంటి, మళ్ళీ గాలి నుంచి పీల్చుకుని పైకి లేస్తుంది. అమెరికాలో ఒహాయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లో దీనికి సమీకరణం రాశారు. ఉట్టిలా కిందికి వేలాడే ఆ గీతను ఇప్పటికీ విద్యార్థులు గీస్తారు. దీనికి రోజులు, కిలోమీటర్లు కావాలి. ఆ లోపల ఇంకో ఊరి మురుగు కలవకూడదు. ఎక్కడ కలవకుండా ఉంటుంది?

లండన్ వాళ్ళు చేసిన పని చూడండి. 1858 వేసవిలో థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటు సభ్యులే గగ్గోలు పెట్టారు. అప్పుడు బాజల్‌గెట్ అనే ఇంజినీరు గొప్ప మురుగు సొరంగాలు కట్టించి, నగరం మురుగంతా దిగువకు తీసుకెళ్ళి, అక్కడ ఆటుపోట్లు చూసి నదిలోకి వదిలే ఏర్పాటు చేశాడు. నగరం బాగుపడింది. మురుగు మాత్రం ఎక్కడికీ పోలేదు, చోటు మార్చింది. 1878లో ప్రిన్సెస్ ఆలిస్ అనే ఆవిరి పడవ సరిగ్గా ఆ మురుగు వదిలే ప్రాంతంలోనే మునిగింది. 600 మందికి పైగా పోయారు.

అసలు మలుపు మాంచెస్టర్‌లో వచ్చింది. ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు సీసాల్లో మురుగునీరు పోసి గాలి ఊదుతూ కూర్చున్నారు. అది పూర్తిగా శుద్ధి కావడానికి వారాలు పట్టింది. అందరూ చేసేది, అడుగున పేరుకున్న గోధుమరంగు మడ్డి పారేసి మళ్ళీ మొదలుపెట్టడం. వీళ్ళు పైనున్న తేటనీరు వంపేసి, మడ్డిని అలాగే ఉంచి, దాని మీదే కొత్త మురుగు పోశారు. ఈసారి తొందరగా అయింది. మళ్ళీ పోశారు, ఇంకా తొందరగా. వారాల పని చివరికి ఒక రోజు లోపలికి వచ్చింది. 1914లో ఆ సంగతి ప్రకటించారు. పెరుగు తోడుపెట్టడం తెలిసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. ఆ మడ్డే తోడు. వాళ్ళకు సలహాదారుగా ఉన్న గిల్బర్ట్ ఫౌలర్ తర్వాత బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ప్రొఫెసర్‌గా వచ్చారు.

ఈరోజు ఏ మురుగునీటి శుద్ధి కేంద్రానికి (ఎస్టీపీ) వెళ్ళినా చూసేది ఆ సీసానే, కాకపోతే పెద్దది. ముందు జల్లెడలు ఉంటాయి. అక్కడ దొరికే సరుకు గురించి విడిగా ఒక ప్రసంగం చేయొచ్చు, ముఖ్యంగా "ఫ్లష్ చేయొచ్చు" అని అట్ట మీద రాసి అమ్మే తడి తుడుపు కాగితాల గురించి. తర్వాత ఇసుక దిగే తొట్టి, ఆ తర్వాత బరువైన మలినం కూర్చునే ట్యాంకు. అక్కడి నుంచి ఏరేషన్ ట్యాంకు. బ్లోయర్లు కింది నుంచి గాలి ఊదుతుంటే నది రోజుల్లో చేసే పని ఆరేడు గంటల్లో అయిపోతుంది. కేంద్రం కరెంటు బిల్లులో సగం ఈ గాలికే పోతుంది. తర్వాతి ట్యాంకులో సూక్ష్మజీవులు ముద్దలుగా అడుక్కి దిగుతాయి. కొంత మడ్డిని తోడు కోసం వెనక్కి పంపి, మిగతాది గాలి తగలని ట్యాంకుల్లో కుళ్ళబెడితే మీథేన్ వస్తుంది. అందులోంచి కరెంటు తీసుకోవచ్చు. చివర్లో క్లోరిన్ గానీ అతినీలలోహిత దీపాలు గానీ పెడతాం, రోగక్రిముల కోసం. అంతే.

ఈ పని చేసేది యంత్రాలు కాదు, ప్రాణులు. అది నాకు బాగా అర్థమైంది ఒక రాత్రి డ్యూటీలో. రెండు దాటాక ఏరేషన్ ట్యాంకు మీద తెల్లటి నురగ లేచింది, మోకాలెత్తు. తెల్లారి ఇలాగే జాడీలో నీళ్ళు పోస్తే ముద్ద కట్టలేదు, పైనీరు కడుగునీళ్ళలా ఉండిపోయింది. మైక్రోస్కోపు కింద ఒక చుక్క పెట్టాను. మామూలుగా అక్కడ సంత జరుగుతున్నట్టుంటుంది. సన్నటి కాడల మీద గంటల్లాంటి జీవులు ముడుచుకుంటూ సాగుతూ ఉంటాయి, రోటిఫర్లు అనే సూక్ష్మప్రాణులు నోటి చుట్టూ ఉన్న వెంట్రుకలు తిప్పుతూ తింటుంటాయి. ఆ రోజు ఏదీ కదల్లేదు. ఎవరో రాత్రిపూట ట్యాంకరుతో ఏదో రసాయనం ఎగువన మ్యాన్‌హోల్‌లో దింపి ఉంటారని అనుకున్నాం. ఎవరో తేలలేదు. వేరే కేంద్రం నుంచి మడ్డి తెచ్చి తోడు వేసుకుని, మళ్ళీ దారిలో పడటానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మా దిగువ నదికి ఏం వెళ్ళిందో మాకు తెలుసు. ఆ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకే నేను మురుగును రెండు రకాలుగానే చూస్తాను. సూక్ష్మజీవులకు అరిగేది, అరగనిది. అరిగేదానికి ట్యాంకు కట్టొచ్చు, డబ్బుంటే చాలు. అరగనిదాన్ని పుట్టిన చోటే, ఫ్యాక్టరీ గేటు లోపలే ఆపాలి. నలుగురి మురుగులో కలిసిపోయాక దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. జపాన్‌లోని మినమాటాలో చిస్సో ఫ్యాక్టరీ పాదరసం కలిసిన నీళ్ళు ఏళ్ళ తరబడి సముద్రపు అఖాతంలోకి వదిలింది. నీటిలో కొలిస్తే కొంచెమే. దాన్ని తిన్న చిన్న జీవుల్లో కొంచెం ఎక్కువ, వాటిని తిన్న చేపల్లో ఇంకా ఎక్కువ. ముందు పిల్లులు పిచ్చెత్తినట్టు గంతులేసి చచ్చాయి. 1956లో మనుషుల్లో జబ్బును గుర్తించారు. తల్లి ఆరోగ్యంగా కనబడుతున్నా కడుపులో బిడ్డకు మెదడు దెబ్బతిన్న కేసులు వచ్చాయి. ఆ నీటి విడుదల ఆగింది మాత్రం 1968లో. పన్నెండేళ్ళు!

ఈ రెండిటికీ మధ్యలో ఇంకోటి ఉంది, ఎరువు. ట్యాంకులో మలినమంతా తినిపించినా నత్రజని, భాస్వరం మిగిలిపోతాయి. వాటిని తీయడానికి అదనపు ఏర్పాట్లు కావాలి. తీయకపోతే ఏమవుతుందో 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం కళ్ళకు కట్టింది. సన్నటి నడుమున్న ఒక సరస్సును మధ్యలో తెరతో రెండు చేశారు. రెండు వైపులా కార్బన్, నత్రజని వేశారు, ఒక వైపు మాత్రం భాస్వరం కూడా. విమానం నుంచి తీసిన ఫోటోలో ఒక సగం మామూలుగా ఉంది, రెండో సగం పచ్చగా నాచు పట్టింది. సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్ వద్దన్న వాదనకు ఆ ఒక్క ఫోటో చేసినంత మేలు వంద రిపోర్టులు చేయలేదు. ఇక పొలాల నుంచి వానకు కొట్టుకొచ్చే ఎరువుకు గొట్టమూ లేదు, గేటూ లేదు. మిసిసిపీ నది మోసుకెళ్ళే ఎరువు వల్ల మెక్సికో సింధుశాఖలో ఏటా ఊపిరాడని ప్రాంతం ఏర్పడుతుంది. 2017లో అది 22,700 చదరపు కిలోమీటర్లు.

ఇంకొక్క విషయం చెప్పకుండా వెళ్ళలేను. ఆ కుళ్ళిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. కొంచెం ఉన్నప్పుడు కంపు కొడుతుంది. గాలిలో పదిలక్షల వంతులకు 100 వంతుల (100 పీపీఎం) దగ్గరికి వస్తే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. మ్యాన్‌హోల్‌లోకి దిగినవాడు "ఇప్పుడు బాగానే ఉంది" అనుకున్న క్షణమే అసలు ప్రమాదం. అతన్ని లాగడానికి దిగిన రెండోవాడు కూడా అందుకే పోతాడు. ఇందాక వాసన మాకు మీటరు అన్నాను కదా, మ్యాన్‌హోల్ దగ్గర ఆ మాట చెల్లదు. మనిషి దిగకుండా శుభ్రం చేసే యంత్రాలు ఉన్నాయి. అవి లేవని మనిషిని దింపేవాళ్ళతో నేను వాదించను, పని ఆపేస్తాను.

శుద్ధిచేసిన నీళ్ళు తాగొచ్చా అని ఎలాగూ అడుగుతారు. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచి తాగుతున్నారు. మామూలు శుద్ధి మీద ఇంకా ఎన్నో వడపోతలు, పరీక్షలు పెట్టుకుని. ఎడారి అంచున ఉన్నవాళ్ళకు వేరే దారి లేకపోయింది.

సరే, ఇప్పుడు జాడీ చూడండి. పావుగంట అయింది. మధ్యలో గీత గీసినట్టు విడిపోయింది. కింద గోధుమరంగు మడ్డి 320 దగ్గర ఉంది, ఇంకా మెల్లగా దిగుతోంది. పైనున్న నీటిలోంచి వెనకాల గోడ మీది గడియారం నాకు కనబడుతోంది. తేటగా ఉంది కదా అని ఎవరూ తాగకండి, బ్రాడ్ స్ట్రీట్ సంగతి ఇందాకే చెప్పాను. లెక్కప్రకారం 30 నిమిషాలకు రీడింగు తీయాలి. ఇంకో పావుగంట ఉంది, ఈలోపు ప్రశ్నలు అడగండి. టైము కాగానే అంకె ముందు వరసలో వాళ్ళు చదివి చెప్పాలి.