అడక్కుండా బొమ్మ వాడారు, తర్వాత బృందమే కట్టారు: హత్సునే మికు అభిమానుల్లో ఒక ఆర్టిస్టు కథ

2007 డిసెంబర్ 7. జపాన్‌లో నికోనికో డౌగా అనే వీడియో సైట్‌లోకి ఒక పాట వచ్చింది. పేరు ‘మెల్ట్’. రాసి బాణీ కట్టింది రియో అనే కలం పేరున్న సంగీతకారుడు. పాడింది హత్సునే మికు, అంటే ఒక సాఫ్ట్‌వేర్. తెర మీద కనిపించేది ఒక అమ్మాయి బొమ్మ. ఆ బొమ్మ రియో గీసింది కాదు. వేరే ఆర్టిస్టు గీసి నెట్‌లో పెట్టుకున్నది. దాన్ని అనుమతి అడక్కుండానే తన పాటకు పెట్టేసుకున్నారు.

బొమ్మలు గీసేవాళ్లు ఈ వీడియో చూస్తుంటే ఇక్కడే ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. మన దగ్గర హీరో పుట్టినరోజు వచ్చిందంటే చాలు, ఎవరో రాత్రంతా మేలుకుని గీసిన ఫ్యాన్ ఆర్ట్ తెల్లారేసరికి పది పేజీల్లో తిరుగుతుంటుంది. మూలన ఉన్న సంతకం కత్తిరించేసి, దాని మీద పేజీ లోగో కొట్టి మరీ. కాబట్టి రియోను వెనకేసుకు రావడానికి నేను ఈ వీడియో చేయట్లేదు. ఆ తర్వాత జరిగిందే అసలు విషయం.

ఆ ఆర్టిస్టు నెట్‌లో వాడే పేరు 119. దాన్ని ‘హికేషి’ అని చదవాలి. జపాన్‌లో ఫైరింజన్ కావాలంటే కొట్టే నంబరు 119, హికేషి అంటే మంటలార్పేవాళ్లు. పేరు పెట్టుకోవడంలోనే తుంటరితనం కనిపిస్తుంది. రియో ఈ 119ని వెతికి పట్టుకుని, అడక్కుండా బొమ్మ వాడినందుకు క్షమాపణ చెప్పుకున్నారు. 119 పాట మీద ఆసక్తి చూపించారు. ఇద్దరూ కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. అలా పుట్టిన బృందమే ‘సూపర్‌సెల్’.

సరే, క్షమాపణ చెప్పారు, కలిసిపోయారు, ఇందులో ఏముంది అనుకోవచ్చు. ఈ సంఘటన వేరే చోట జరిగుంటే పోలీసు కంప్లెయింట్ దాకా పోకపోయినా, ఒక బ్లాక్‌తోనో, నాలుగు తిట్లతోనో ముగిసేది. ఇక్కడ ఎందుకలా ముగియలేదో అర్థం కావాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్లాలి.

జపాన్ ఉత్తర భాగంలోని సప్పొరో నగరంలో క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అని ఒక కంపెనీ ఉంది. సంగీతం చేసుకునేవాళ్లకు సౌండ్ ఎఫెక్టులు, శాంపిళ్లు అమ్మే వ్యాపారం. యమహా వాళ్ల వొకలాయిడ్ టెక్నాలజీ తీసుకుని, సాకి ఫుజితా అనే డబ్బింగ్ ఆర్టిస్టు గొంతును ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి, 2007 ఆగస్టు 31న ఒక సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. స్వరాలు పెట్టి, మాటలు టైప్ చేస్తే అది పాడుతుంది. డబ్బా మీద బొమ్మ గీయడానికి కేఇ అనే చిత్రకారుడిని పెట్టుకున్నారు. ఆయన గీసిందే మికు. నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగులో కాళ్ల దాకా జారే రెండు పిలకలు, చేతి తొడుగు మీద కీబోర్డు మీటలు. ఆ మీటలు, ఆ రంగు యమహా వాళ్లే 1983లో తెచ్చిన డీఎక్స్7 సింథసైజర్‌ని గుర్తుచేస్తాయి. వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. ఇంతే ఇచ్చారు. అమ్మానాన్నలు లేరు, ఊరు లేదు, కష్టాలు లేవు, విలన్ లేడు. గీసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

విడుదలై వారం తిరక్కుండానే ఓటోమానియా అనే యూజర్ ఫిన్లాండ్ వాళ్ల ‘ఈవాన్ పోల్కా’ పాటను మికు చేత పాడించి నికోనికోలో పెట్టారు. తమాగో అనే ఆర్టిస్టు దాని కోసం మికును బుల్లి పిల్లలా, పెద్ద తలకాయతో గీసి, చేతిలో ఉల్లికాడ పెట్టి ఊపించారు. ఆ ఉల్లికాడ కంపెనీ ఇచ్చింది కాదు. ఇదే పాటకు ఒక అనిమే అమ్మాయి ఉల్లికాడ తిప్పే వీడియో అంతకుముందే నెట్‌లో తిరిగింది, దాన్ని గుర్తుచేస్తూ సరదాకి పెట్టారు. ఈరోజు మికు అధికారిక బొమ్మల్లో, అమ్మే వస్తువుల్లో కూడా ఉల్లికాడ కనిపిస్తుంది. అంటే ఒక అభిమాని చేతి గీత ఆ పాత్రకు ఆభరణమైపోయింది. అప్పట్లో చూసేవాళ్లకు, గీసేవాళ్లకు మధ్య గోడ ఎంత పల్చగా ఉండేదో ఇక్కడే తెలుస్తుంది.

ఇంకో కాకతాళీయం కూడా కలిసొచ్చింది. మికు వచ్చిన పది రోజులకే, 2007 సెప్టెంబర్ 10న, పిక్సివ్ అనే సైట్ మొదలైంది. బొమ్మలు గీసేవాళ్లు తమ పని పెట్టుకోవడానికే కట్టిన సైట్ అది. పాటలు నికోనికోలో, బొమ్మలు పిక్సివ్‌లో. పాట చేసేవాళ్లకు బొమ్మ కావాలి, ఎందుకంటే అది వీడియో సైట్, ఖాళీ తెర పెట్టలేరు. బొమ్మ గీసేవాళ్లకు చూసే జనం కావాలి. ఇద్దరి అవసరాలూ సరిగ్గా అతికాయి.

నికోనికో గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. అక్కడ కామెంట్లు వీడియో కింద ఉండవు. తెర మీదే, కుడి నుంచి ఎడమకు పరుగెడతాయి. పాటలో ఏ సెకనులో మీకు ఒళ్లు పులకరించిందో అదే సెకనులో మీరు రాసిన మాట మిగతావాళ్లందరికీ కనబడుతుంది. మన దగ్గర మొదటి రోజు మొదటి ఆట చూసినవాళ్లకు ఆ మజా విడమర్చి చెప్పక్కర్లేదు. గీసిన ఆర్టిస్టు వైపు నుంచి ఆలోచించండి. లైకుల అంకె చూసుకోవడం వేరు, తన బొమ్మ మీదుగా వందలాది మంది మాటలు వరదలా పారుతుంటే చూడటం వేరు.

ఇప్పుడు మళ్లీ ‘మెల్ట్’ దగ్గరకు. అప్పటిదాకా వచ్చిన మికు పాటల్లో చాలావరకు ‘నేనొక సాఫ్ట్‌వేర్‌ని, నన్ను కొనుక్కో, నాతో పాడించు’ అన్న ధోరణిలో ఉండేవి. రియో మాత్రం మామూలు ప్రేమ పాట రాశారు. నుదుటి మీద జుట్టు కత్తిరించుకుని ‘ఏమైంది’ అని అతను అడిగితే బాగుండునని ఆశపడే అమ్మాయి, వానలో ఒకే గొడుగు. పాడేది యంత్రమన్న సంగతి వినేవాళ్లు మర్చిపోయారు. ఆ పాటను తమ గొంతుతో పాడి అప్‌లోడ్ చేసేవాళ్లు వెల్లువెత్తారు. ర్యాంకింగ్ పైభాగం ‘మెల్ట్’తోనూ, దాని కవర్లతోనూ నిండిపోయింది. జపాన్ అభిమానులు దీనికి ‘మెల్ట్ షాక్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ గొడవంతటికీ ముఖం 119 గీసిన బొమ్మే.

సూపర్‌సెల్ అమరిక నాకు భలే నచ్చుతుంది. పదకొండు మంది సభ్యులున్న ఆ బృందంలో సంగీతం చేసేది రియో ఒక్కరే. మిగతావాళ్లలో ఎక్కువమంది బొమ్మలు, డిజైన్ చూసుకునేవాళ్లు. మ్యూజిక్ గ్రూపులో ఆర్టిస్టులే మెజారిటీ! మన సినిమా పాట లిరికల్ వీడియోలో బొమ్మ గీసినవాళ్ల పేరు ఎక్కడుంటుందో గుర్తు చేసుకోండి. అసలు ఉంటే. సూపర్‌సెల్ వాళ్లు 2008 ఆగస్టులో టోక్యోలో జరిగే కామికెట్‌లో, అంటే అభిమానులు సొంతంగా ముద్రించుకున్న పుస్తకాలు, సీడీలు అమ్ముకునే పెద్ద సంతలో, తమ ఆల్బమ్ పెట్టారు. 2009 మార్చిలో అదే ఆల్బమ్‌ను సోనీ మ్యూజిక్ జపాన్ మళ్లీ విడుదల చేసింది. దానికి గోల్డ్ సర్టిఫికెట్ కూడా వచ్చింది.

అదే బృందంలో హుకే అనే ఇంకో ఆర్టిస్టు కథ దీనికి తలకిందులు. 2007 డిసెంబర్ చివర్లో ఆయన ఒక బొమ్మ గీసి నెట్‌లో పెట్టారు. నల్ల జుట్టు, ఒక కంట్లో నీలం మంట, చేతిలో ఫిరంగి లాంటి తుపాకీ. పేరు ‘బ్లాక్ రాక్ షూటర్’. ఆ బొమ్మ చూసి రియోకు పాట పుట్టింది. 2008 జూన్‌లో మికు గొంతుతో అది నికోనికోలోకి వచ్చింది. ముందు బొమ్మ, తర్వాత పాట. ఆ పాట నుంచి 2010లో యానిమేషన్ చిత్రం, 2012లో టీవీ సిరీస్, మధ్యలో వీడియో గేమ్, షోకేసులో పెట్టుకునే లెక్కలేనన్ని బొమ్మలు. ఒక ఆర్టిస్టు ఎవరూ అడక్కుండా తన సరదాకి గీసుకున్న ఒక్క పాత్ర ఇంత దూరం వెళ్లింది.

ఇదంతా వింటుంటే అక్కడ అందరూ దేవుళ్లలా అనిపిస్తారు. అలా ఏమీ లేదు. అదే 2007 డిసెంబర్‌లో పెద్ద రచ్చ జరిగింది. మికు మొదటి పెద్ద హిట్లలో ఒకటైన ‘మికు మికు ని షితే అగేరు’ పాటను జాస్రాక్ అనే హక్కుల సంస్థలో నమోదు చేశారు. పాటల రాయల్టీలు వసూలు చేసే సంస్థ అది. అభిమానులు భగ్గుమన్నారు. ఈరోజు పాట రిజిస్టర్ చేసినవాళ్లు రేపు దాని మీద మేం చేసుకున్న వీడియోలు, బొమ్మలు తీసేయమంటారేమో అని వాళ్ల భయం. పాటలు చేసేవాళ్లకు డబ్బు రావడం తప్పా అంటే, తప్పు కాదు. కానీ వంద మంది చేతులు పడిన వస్తువుకు ఒక్క యజమాని పేరు రాసేటప్పుడు ఇలాంటి గొడవ తప్పదు. ఈ పేచీలో క్రిప్టన్‌కు, నికోనికో మాతృసంస్థ డ్వాంగో గ్రూపుకు మధ్య బహిరంగంగానే వాదులాట నడిచి, చివరికి రాజీ కుదిరింది.

క్రిప్టన్ చేసిన తెలివైన పని పియాప్రో. 2007 డిసెంబర్‌లోనే తెరిచారు. పాటలు, సాహిత్యం, బొమ్మలు ఎవరివి వాళ్లు తెచ్చి పెట్టుకోవచ్చు, షరతులకు లోబడి ఒకరివి ఒకరు వాడుకోవచ్చు. వాడుకున్నవాళ్లు ఆ సంగతి గీసినవాళ్లకు చెప్పి, థాంక్స్ చెప్పడం అక్కడి పద్ధతి. చూడటానికి చిన్న మర్యాద. కానీ గీసే మనిషికి దాని విలువ వేరు. నా బొమ్మ ఎక్కడికి వెళ్లింది, ఎవరి పాటలో ఉంది అన్నది నాకు తెలుస్తుంది. వెళ్లి చూస్తాను. అక్కడ ఇంకో నలుగురు ఆర్టిస్టుల పేర్లు కనబడతాయి. వాళ్ల పేజీలు తెరుస్తాను. అలా ఒక పేరు నుంచి ఇంకో పేరుకు నడుచుకుంటూ వెళ్తేనే ఆర్టిస్టుకు తన జనం దొరుకుతారు. మికు విషయంలో అందరూ సాఫ్ట్‌వేర్ గురించి, వేదిక మీద మికు బొమ్మే ఆడిపాడే హోలోగ్రామ్ లాంటి కచేరీల గురించి మాట్లాడతారు. నా దృష్టిలో ఆ లోకాన్ని నిలబెట్టింది కింద రాసిన పేర్ల వరుస. పేరు కత్తిరిస్తే దారి తెగిపోతుంది, అంతే.

గాయకుడు కెన్షి యొనెజు పేరు మీలో అనిమే, అంటే జపాన్ యానిమేషన్ చూసేవాళ్లు వినే ఉంటారు. ‘చెయిన్‌సా మ్యాన్’ ఓపెనింగ్ పాట ఆయనదే, 2023లో యానిమేషన్ దర్శకుడు మియజాకి సినిమాకు పాట చేసిందీ ఆయనే. ఆయన మొదలైంది కూడా ఇక్కడే. తోకుషిమా జిల్లా కుర్రాడు, 2009 నుంచి ‘హాచి’ అనే పేరుతో మికు పాటలు అప్‌లోడ్ చేసేవారు. వీడియోలకు బొమ్మలు కూడా తానే గీసుకునేవారు. ‘మాత్రియోష్కా’ 2010లో వచ్చింది, చూడకపోతే చూడండి, ఆ గీతల్లో ఒక పిచ్చి ఉంటుంది. 2012లో సొంత పేరుతో, సొంత గొంతుతో ఆల్బమ్ తెచ్చారు.

2017లో మికుకు పదేళ్లు నిండిన సందర్భంలో, మికు పేరిట ఏటా జరిగే ‘మేజికల్ మిరాయ్’ ఉత్సవం కోసం ఆయన్నే పాట చేయమన్నారు. ఆయన మళ్లీ హాచి పేరుతో వచ్చి ఏం రాశారో తెలుసా? ఎడారిగా మారిన గ్రహం గురించి రాశారు. పుట్టినరోజు పండుగకు పిలిస్తే, ఈ చోటు, అంటే ఈ మికు పాటల లోకం, ఎండిపోయింది అన్న అర్థం వచ్చే పాట ఇచ్చారు. కొందరు నొచ్చుకున్నారు, కొందరు నిజమే కదా అన్నారు. మరికొందరు పాటకు పాటతోనే జవాబు చెప్పారు. నాకైతే ఆ కోపం సొంత ఊరి మనిషి కోపంలాగే వినిపించింది.

మనకూ జపాన్ ఆర్టిస్టులతో ఒక చుట్టరికం ఉంది. ‘బాహుబలి’కి అక్కడ కేకలు పెడుతూ చూసే ప్రత్యేక షోలు వేశారు. 2022 అక్టోబర్‌లో ‘ఆర్ఆర్ఆర్’ విడుదలయ్యాక రామ్, భీమ్‌లను గీసిన జపనీస్ ఫ్యాన్ ఆర్ట్ మన టైమ్‌లైన్లలోకి వచ్చిపడింది. 2024 జనవరిలో తకరజుకా వాళ్లు, అంటే అందరూ స్త్రీలే నటించే వందేళ్ల నాటి నాటక సంస్థ, దాన్ని రంగస్థలం ఎక్కించారు. అప్పట్లో ఆ బొమ్మల్ని మన పేజీలు కొన్ని పేరుతో సహా షేర్ చేశాయి. చాలా పేజీలు పేరు లేకుండానే ఎత్తుకొచ్చి పెట్టాయి. ఆ జపాన్ ఆర్టిస్టుల్లో ఎంతమందికి తమ బొమ్మ గుంటూరులోనో వరంగల్‌లోనో ఎవరి ఫోన్ వాల్‌పేపరో తెలిసి ఉంటుంది?

కామెంట్లలో ఒకటి తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా: మికును మనం గీయొచ్చా? గీయొచ్చు. అమ్మకం లేకుండా గీసి పెట్టుకోవడానికి కంపెనీ మార్గదర్శకాలున్నాయి. 2012 డిసెంబర్ నుంచి అసలు బొమ్మల్ని క్రియేటివ్ కామన్స్ నాన్ కమర్షియల్ లైసెన్సు కింద కూడా పెట్టారు. అంటే వాడుకునేటప్పుడు కంపెనీ పేరు రాయాలి, వ్యాపారం చేయకూడదు. టీషర్ట్ మీద వేసి అమ్ముదామనుకుంటే మాత్రం ముందు వాళ్లను అడగండి.