రొమ్ము క్యాన్సర్ రాకూడదని చేప నూనె క్యాప్సూల్ కొంటున్నారా? ముందు ఈ వీడియో చూడండి

నమస్తే అండీ. బల్ల మీద రెండు పెట్టాను, చూడండి. ఇది మెడికల్ షాపులో దొరికే చేప నూనె క్యాప్సూళ్ల డబ్బా. ఇవి పొద్దున చేపల మార్కెట్లో తెచ్చిన కవళ్లు, అరకిలో. చేప కొవ్వు తింటే రొమ్ము క్యాన్సర్ రాదంటున్నారు, ఏ క్యాప్సూల్ మంచిదని ఆడవాళ్లు చాలామంది అడుగుతున్నారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ ఒక్క కారణం కోసమైతే క్యాప్సూల్ కొనకండి. చేప మాత్రం తినండి.

ఎందుకో చెబుతాను. డబ్బా ఇలా వెనక్కి తిప్పండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో 1000 మిల్లీగ్రాములని ఉంటుంది. అది మొత్తం నూనె బరువు. మనకు పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులు రెండు, ఈపీఏ, డీహెచ్ఏ. వెనకాల చిన్న అక్షరాల్లో చూడండి, 180, 120. రెండూ కలిపి 300 మిల్లీగ్రాములే. మామూలు రకాల్లో ఎక్కువగా ఇంతే ఉంటుంది.

ఇప్పుడు ఇది వినండి. అమెరికాలో వైటల్ అని పెద్ద ట్రయల్ జరిగింది. 25,871 మందిని లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి అసలు క్యాప్సూల్, కొందరికి ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చారు. అసలుదాంట్లో రోజుకు 840 మిల్లీగ్రాముల ఈపీఏ, డీహెచ్ఏ ఉంది, అంటే ఈ డబ్బాలోదానికి దాదాపు మూడు రెట్లు. సుమారు ఐదేళ్లు చూశారు. 2018లో ఫలితం వచ్చింది. క్యాన్సర్ తగ్గలేదు. రొమ్ము క్యాన్సర్ కూడా చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంతకుముందు 2010లో, సొంతంగా చేప నూనె వాడుతున్న ఆడవాళ్లలో, నెలసరి ఆగినవాళ్లలో, ఒక రకం రొమ్ము క్యాన్సర్ 32 శాతం తక్కువగా కనిపించిందని అక్కడి అధ్యయనమే ఒకటి చెప్పింది. కానీ తన డబ్బుతో క్యాప్సూల్ కొనుక్కునే మనిషి నడకకు వెళ్తుంది, పరీక్షలు చేయించుకుంటుంది. ఆ తేడా అంతా లెక్కలోంచి తీసేయడం చాలా కష్టం. అందుకే నేను లాటరీ వేసి చేసిన ట్రయల్‌నే ఎక్కువ నమ్ముతాను.

మరి చేప సంగతేంటి? 2013లో చైనా పరిశోధకులు 21 అధ్యయనాలను కలిపి చూశారు. దాదాపు 8 లక్షల 80 వేల మంది, అందులో 20 వేలకు పైగా రొమ్ము క్యాన్సర్ కేసులు. సముద్రపు ఒమేగా-3, అంటే చేపల్లో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ లాంటివి, బాగా ఎక్కువ తీసుకునేవాళ్లలో ముప్పు 14 శాతం తక్కువ. రోజుకు 0.1 గ్రాము పెరిగితే 5 శాతం తగ్గుదల. ఆసియా ఆడవాళ్లలో ఈ సంబంధం ఇంకా స్పష్టంగా ఉంది. అదే విశ్లేషణలో, "ఎన్ని చేపలు తిన్నారు" అని మాత్రమే లెక్కేస్తే ఏ సంబంధమూ కనబడలేదు! నా ఉద్దేశంలో ఏ చేప, ఎలా వండారు అన్నదే ఇక్కడ కీలకం. ఇది కూడా సంబంధమే గానీ, రుజువు కాదండీ. రుజువని నేను చెప్పను.

ఒంట్లో జరిగేది ఇది. పొద్దుతిరుగుడు నూనె లాంటివాటిలో ఒమేగా-6 అనే ఇంకో రకం కొవ్వు ఎక్కువ. దాన్నుంచి ఒంట్లోని ఒక ఎంజైము, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది రొమ్ము కొవ్వు కణజాలంలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తయారీని ఎగదోస్తుంది. చాలా రొమ్ము గడ్డలకు ఆ ఈస్ట్రోజెనే మేత. ఈపీఏ అదే ఎంజైము దగ్గర పోటీకి దిగి, ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తుంది. ల్యాబుల్లో ఇది బాగా కనిపించింది.

ఇక ఏ చేప కొనాలి? కవళ్లు, కానాగంతలు. కాలాన్ని బట్టి మారుతుంది గానీ, కొవ్వు పట్టిన కవళ్లు 100 గ్రాములు తింటే సుమారు ఒక గ్రాము ఒమేగా-3. రోజుకు 0.1 గ్రాము లెక్కన వారానికి ఒక్క పూటతో సరిపోయింది. పులస కూడా కొవ్వు చేపే, కానీ ఆ ధర పెట్టి ఆరోగ్యం కోసం కొనక్కర్లేదు. చెరువు బొచ్చె, కొర్రమీను మంచి మాంసకృత్తులు, ఈ కొవ్వు మాత్రం వాటిలో తక్కువ.

పొలుసు, పేగులు తీయండి, తోలు ఉంచండి. కొవ్వు ఎక్కువగా తోలు కిందే ఉంటుంది. దాకలో రెండు చెంచాల నూనె, మెంతులు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. చింతపండు రసం మరిగాక ముక్కలు వేసి, మంట తగ్గించండి. గరిటె పెట్టొద్దు, దాక పట్టుకుని ఇలా తిప్పండి. పైన తేలింది కదా, ఆ నూనెను పారబోయకండి, అందులో చేప కొవ్వూ ఉంది. మూకుడు నిండా నూనె పోసి వేయిస్తే చేప కొవ్వు కొంత బయటికి పోయి, వేపుడు నూనె లోపలికి చేరుతుంది. వేపుడు కావాలంటే పెనం మీద కొంచెం నూనెతో కాల్చుకోండి.

బాలింతలకు ఒక మాట. పాలు పడతాయని మన కోస్తాలో సొరచేప పెడతారు. సొర పెద్ద చేప, చాలాకాలం బతుకుతుంది, దాని మాంసంలో పాదరసం పోగుపడుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. బదులుగా మెత్తళ్లు పెట్టండమ్మా. పాలివ్వడం మాత్రం ఆపకండి. 30 దేశాల లెక్కలు కలిపి 2002లో తేల్చారు, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం తగ్గుతుంది. చేప కంటే ఇది గట్టి ఆధారం.

శాకాహారులు అవిసె గింజలు నిశ్చింతగా తినొచ్చు. కాకపోతే వాటి ఒమేగా-3 వేరు, ఒంట్లో చాలా తక్కువే ఈపీఏగా మారుతుంది. ఆ 2013 విశ్లేషణలో దానితో రొమ్ము క్యాన్సర్ తగ్గినట్టు లేదు.

ఇప్పటికే చికిత్సలో ఉన్నవాళ్లు ఏ క్యాప్సూల్ వేసుకుంటున్నా డబ్బా తీసుకెళ్లి మీ క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. మిగతావాళ్లలో 30 దాటినవాళ్లకు ప్రభుత్వ కార్యక్రమం కింద ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి, ఎక్కడ చేస్తారో చెబుతుంది. చేతికి గడ్డ తగిలితే ఆ ఐదేళ్లూ లెక్కపెట్టకండి, నొప్పి లేకపోయినా ఆ వారంలోనే వెళ్లండి.