డబుల్ బెడ్‌రూం కాలనీలో ఫోన్ డాక్టర్: ఈ-సంజీవని ఎంతవరకు పనికొస్తుంది?

నమస్తే అండి. ఈరోజు రివ్యూ ఈ-సంజీవని మీద. కేంద్ర ప్రభుత్వం నడిపే ఫోన్ డాక్టర్ సర్వీసు, పైసా ఫీజు లేదు. నేను మామూలు రివ్యూలాగా యాప్ బాగుందా, రంగులు బాగున్నాయా అని చూడలేదు. ఊరి చివర ప్రభుత్వం కట్టిచ్చిన డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చిన పెద్దవాళ్లకు ఇది ఉపయోగపడుతుందా అని చూశాను.

ఎందుకంటే హైదరాబాద్ శివార్లలోని కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీ సంగతి మీకు తెలిసిందే. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఒక్కచోటే 15,660 ఇళ్లు, తొమ్మిదంతస్తులకు తక్కువ లేని బ్లాకులు. వచ్చినవాళ్లంతా సిటీ బస్తీల నుంచి వచ్చినవాళ్లే. మా పెద్దమ్మనే తీసుకోండి. ముషీరాబాద్‌లో ఉన్నప్పుడు గాంధీ హాస్పిటల్‌కు నడిచి వెళ్లేది. ఇప్పుడు అదే గాంధీ 30 కిలోమీటర్లు దాటి ఉంది. సొంతిల్లు దొరికింది, సంతోషమే. అలవాటైన ఓపీ మాత్రం చేయి జారిపోయింది. బీపీ గోలీ కోసం బస్సులు మారుతూ సగం రోజు తిరగాలంటే ఎవరు పోతారు? గోలీ మానేస్తారు, అంతే.

సరే, సర్వీసు గురించి. 2019లో మొదలైంది. ఇంట్లో నుంచే మాట్లాడే ఓపీడీ 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ టైంలో వచ్చింది. 2023 ఫిబ్రవరికే 10 కోట్ల సంప్రదింపులు దాటింది. యాప్ వేసుకుని మొబైల్ నంబర్ కొడితే ఓటీపీ వస్తుంది. పేషెంట్ పేరు, వయసు ఇచ్చి, పాత రిపోర్టులు ఫొటో తీసి ఎక్కించాలి. రాష్ట్రం, ఓపీ ఎంచుకుంటే టోకెన్ వస్తుంది. వంతు రాగానే వీడియో కాల్. మాట్లాడటం అయిపోయాక మందుల చీటీ ఫోన్‌కే వస్తుంది, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

వినడానికి సులువుగానే ఉంది కదా. మొదటి చిక్కు ఓటీపీ దగ్గరే. చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ కొడుకుది. కొడుకు డ్యూటీలో ఉంటాడు, ఓటీపీ అక్కడికి పోతుంది, అమ్మ ఇక్కడ. అందుకని రిజిస్ట్రేషన్ ఆదివారమే కూర్చోబెట్టి చేయించేయండి.

రెండోది, మా పెద్దమ్మ ప్లాస్టిక్ కవర్. మీ ఇంట్లో కూడా ఉంటుంది, నాకు తెలుసు. అందులో పాత చీటీలు, ఎక్స్‌రే బిల్లు, గోలీల షీట్లు. మెడికల్ షాపులో ఐదు గోలీలు చాలంటే కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా, ఆ కత్తెర సరిగ్గా మందు పేరు మీదుగా పోతుంది. మిగిలిన ముక్క మీద సగం అక్షరాలు, వెనకాల వెండి కాగితం. దాన్ని కెమెరాకు చూపించి "ఇదే వేసుకుంటున్నా సార్" అంటే డాక్టర్ ఏం చేస్తాడు పాపం? తెల్ల గోలీలు లోకంలో ఎన్ని లేవు! కాబట్టి పేరు, మిల్లీగ్రాములు కనిపించే షీటు ఒకటి పక్కన పెట్టి ముందే ఫొటో తీసి ఎక్కించండి. కాల్‌లో చీటీని ఊపుతూ చూపిస్తే ఎవరికీ చదవరాదు.

కాల్ ఎలా సాగిందో చెప్తాను. పెద్దమ్మకు కాళ్ల వాపు ఉంది. డాక్టరమ్మ ఫోన్ కిందకు పెట్టమని, నన్ను చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టి వదలమంది. గుంట పడి అలాగే ఉండిపోయింది. ఎప్పటినుంచి, రెండు కాళ్లకూనా, పడుకుంటే ఆయాసం వస్తుందా అని ఒక్కొక్కటే అడిగింది. అంతా బాగుంది. తర్వాత "బీపీ ఎంతుంది?" అంది. మా దగ్గర మిషన్ లేదు. బీపీ తెలియకుండా డోసు మార్చలేను, దగ్గరలో ఎక్కడైనా చూపించుకుని మళ్లీ కాల్ చేయండి అంది. ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. కానీ మేం ఏ ప్రయాణం తప్పించుకుందామని ఫోన్ పట్టుకున్నామో, తిరిగి ఆ ప్రయాణం దగ్గరికే వచ్చాం.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ-సంజీవనిలో రెండు దారులున్నాయి. ఒకటి మనమే ఫోన్ చేసుకునేది. రెండోది, పల్లె దవాఖానా లాంటి చోట ఆరోగ్య సిబ్బంది పేషెంట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, బీపీ, షుగర్ చూసి, పెద్ద సెంటర్‌లో ఉన్న డాక్టర్‌తో కలిపేది. దేశంలో జరిగిన సంప్రదింపుల్లో ఎక్కువ భాగం ఈ రెండో దారిలోనివే. బాగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది, అక్కడా ఎక్కువగా ఈ పద్ధతే. సంతకం చేయడానికి కూడా ఇబ్బందిపడే ముసలామెకు పక్కన ఓ నర్సమ్మ ఉంటే అదే పెద్ద యాప్.

కొల్లూరు అయినా, అటు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్లయినా, నా అభిప్రాయం ఒకటే. బ్లాకు కింద ఒక గది, టేబుల్ మీద బీపీ మిషన్, షుగర్ చూసే గ్లూకోమీటర్, ట్యాబ్, వారానికి రెండు రోజులు ఏఎన్ఎం, అంటే ప్రభుత్వ నర్సమ్మ. ఇది పెట్టకుండా "అందరూ యాప్ వేసుకోండి" అని పోస్టర్ అంటిస్తే లాభం లేదు. రెసిడెంట్స్ కమిటీలు లిఫ్టుల గురించి కొట్లాడతాయి కదా, దీని గురించి కూడా అడగండి. అప్పటిదాకా ఒక్కో బ్లాకులో నాలుగిళ్లు కలిసి బీపీ మిషన్ కొనుక్కున్నా మంచిదే.

రూల్స్ గురించి త్వరగా. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్‌లో వైద్యం) మార్గదర్శకాలే వీటికి ఆధారం. ఆల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు ఫోన్‌లో రాయకూడదు, బతిమాలినా రాయరు. ఇంకోటి చాలామందికి తెలియదు. అదే డాక్టర్‌కు 6 నెలల లోపు నేరుగా చూపించుకుని ఉంటే దాన్ని ఫాలో-అప్ కింద లెక్కిస్తారు, అప్పుడు ఆ డాక్టర్ అదే జబ్బుకు ఇంకొన్ని మందులు కలిపి రాయగలడు. ఈ-సంజీవనిలో ప్రతిసారీ అదే డాక్టర్ దొరకడం కష్టం. కొత్త డాక్టర్ జాగ్రత్తగానే ఉంటాడు, ఉండాలి కూడా.

ప్రైవేటు యాప్‌ల గురించి కూడా అడుగుతారు. ఒకదాంట్లో మొదటి కాల్ ఫ్రీ అన్నారు, తర్వాత ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ తీసుకోమని ఫోన్ల మీద ఫోన్లు. పేరెందుకులెండి.

మందుల సంగతి మర్చిపోవద్దు. చీటీ ఫ్రీ, గోలీ మాత్రం కొనాల్సిందే. దగ్గర్లో బస్తీ దవాఖానా గానీ, పీహెచ్‌సీ గానీ ఉంటే బీపీ, షుగర్ గోలీలు అక్కడ ఉచితంగా ఇస్తారు, ముందు అక్కడ అడగండి. బస్తీ దవాఖానాలో రక్తపరీక్షలకు శాంపిల్ కూడా తీసుకుంటారు. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఈ-సంజీవనిలో కాల్ చేస్తే, అప్పుడు చూడండి ఎంత తేడా ఉంటుందో. రిపోర్టు వివరించడం, ఏ స్పెషలిస్టు దగ్గరికి పోవాలో చెప్పడం, పిల్లల జలుబు, చర్మం మీద దద్దుర్లు, వీటికి నేను కళ్లు మూసుకుని రికమెండ్ చేస్తాను. దద్దుర్లయితే కిటికీ వైపు తిరిగి చూపించండి, ట్యూబ్‌లైట్ కింద అంతా ఒకే రంగులో కనిపిస్తుంది.

కొత్త చోటికి వచ్చి దిగులుగా ఉంటున్నారు, రాత్రుళ్లు నిద్ర లేదు, ఇంట్లో తాగుడు గొడవ, ఇలాంటివాటికి యాప్ కూడా అక్కర్లేదు. టెలి-మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. మామూలు బటన్ ఫోన్ నుంచి కూడా చేయొచ్చు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. టెన్షన్ అంటూ డాక్టర్ దగ్గరికి పోవడానికి సిగ్గుపడేవాళ్లు దీంట్లో నోరు విప్పుతారు.

ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి పట్టు తప్పడం, పసిపిల్లలకు ఆయాసం, వీటికి మాత్రం టోకెన్ కోసం కూర్చోవద్దు. నేరుగా 108. ఫోన్ చేసినప్పుడు బ్లాకు నంబర్, గేటు నంబర్ చెప్పండి, ఒకర్ని కిందకు పంపించండి. అన్ని బ్లాకులూ ఒకేలా ఉంటాయి, అంబులెన్సు లోపలికి వచ్చి కూడా తిరుగుతూనే ఉంటుంది.

రేటింగ్ అడుగుతారు కాబట్టి, ఒంటరిగా వాడుకుంటే 5కి 3, పక్కన నర్సమ్మ, బీపీ మిషన్ ఉంటే 4.5. మీ కాలనీలో అలాంటి గది ఎక్కడైనా నడుస్తుంటే కింద రాయండి, వచ్చి షూట్ చేస్తాను.