ఎర్ర పెట్టె, కెటిల్ పట్టుకున్న పాప

తమ్ముడు: అక్కా, నీ చేతిలో ఉన్న ప్రకటనను వినేవాళ్ళకు కాస్త వర్ణించు.

అక్క: వేడినీళ్ళలో కలిపి జెల్లీ చేసుకునే తీపి పొడి జెల్-ఓ. దాని తొలినాళ్ళ ప్రకటన ఇది. ఒక చిన్న పాప నిలబడి ఉంది. ఒక చేతిలో నీళ్ళు కాచే కెటిల్, మరో చేతిలో జెల్-ఓ పెట్టె. ఆ పాప పేరు ఎలిజబెత్ కింగ్. ప్రకటనల చిత్రకారుడు ఫ్రాంక్లిన్ కింగ్ కూతురు.

తమ్ముడు: వంటింటి సరుకు ప్రకటనలో తల్లి ఉండాలి కదా, పాప ఎందుకు?

అక్క: మరిగే నీళ్ళు పోయడం వస్తే చాలు, పసిపిల్ల కూడా చేసేస్తుందని చెప్పడానికి. ఆ మాటకు అప్పట్లో ఎంత బలముందో తెలియాలంటే జెల్లీ చేసే పాత పద్ధతి తెలియాలి. దూడ కాళ్ళను గంటల తరబడి ఉడికించాలి. తేలిన కొవ్వు తీసెయ్యాలి, గుడ్డలో వడగట్టాలి, చక్కెర కలిపి చల్లని చోట గడ్డకట్టేదాకా కాచుకోవాలి. పనివాళ్ళున్న ఇళ్ళకే అది కుదిరేది. పళ్ళెంలో తళతళలాడుతూ వణికే జెల్లీ కలవారి విందుకు గుర్తు.

తమ్ముడు: దాన్ని పెట్టెలోకి ఎక్కించినవాడు ఎవరు?

అక్క: పెర్ల్ వెయిట్. న్యూయార్క్ రాష్ట్రంలో లెరాయ్ అనే చిన్న ఊరు. వడ్రంగం చేస్తూ దగ్గు మందు కూడా తయారుచేసేవాడు. 1897లో జెల్లీని గడ్డకట్టించే జెలటిన్ పొడికి చక్కెర, పళ్ళ రుచులు కలిపాడు. పేరు పెట్టింది ఆయన భార్య మే. సరుకు బాగుంది కానీ అమ్ముకునే దారి తెలియలేదు. 1899లో అదే ఊరి ఒరేటర్ వుడ్‌వర్డ్‌కు 450 డాలర్లకు ఇచ్చేశాడు. ఈ అంకె దగ్గర నాకెప్పుడూ మనసు చివుక్కుమంటుంది.

తమ్ముడు: వుడ్‌వర్డ్ చేతిలో వెంటనే అమ్ముడుపోయిందా?

అక్క: లేదు. 1902లో ఆడవాళ్ళు చదివే పత్రికల్లో ప్రకటనలు మొదలయ్యాక దశ తిరిగింది. అందులో రాసిన మాట చూడు: ‘అమెరికాలో అత్యంత ప్రసిద్ధమైన తీపి’. ఇంకా చాలా ఇళ్ళకు చేరకముందే దేశమంతా ప్రసిద్ధమన్నారు! తర్వాత వంటకాల పుస్తకాలు ఉచితంగా పంచి ఆ మాటను నిజం చేసుకున్నారు.

తమ్ముడు: కూరగాయలు కూడా ఇందులో వేసేవారట?

అక్క: క్యాబేజీ, ఆలివ్‌లు, చివరికి ట్యూనా చేప కూడా! ఇంటికి ఫ్రిజ్ వచ్చాక అది చూపించుకోవడానికి అదొక మార్గం. కానీ ఈ పెట్టె ఎంతగా ఇంటిసామానైపోయిందో తెలియాలంటే వంటింట్లో కాదు, కోర్టులో చూడాలి.

తమ్ముడు: రోజెన్‌బర్గ్ కేసా?

అక్క: అవును, 1951 విచారణ. రోజెన్‌బర్గ్ దంపతులు అణుబాంబు రహస్యాలు సోవియట్లకు చేరవేశారన్న ఆరోపణ. జూలియస్ రోజెన్‌బర్గ్ జెల్-ఓ పెట్టె అట్టను రెండు ముక్కలుగా కత్తిరించాడని బావమరిది డేవిడ్ గ్రీన్‌గ్లాస్ సాక్ష్యం చెప్పాడు. ఒక ముక్క గ్రీన్‌గ్లాస్ దంపతుల దగ్గర. రెండోది 1945 జూన్‌లో అల్బుకర్కీలో వాళ్ళ తలుపు తట్టిన సోవియట్ల దూత హ్యారీ గోల్డ్ చేతిలో. రెండూ అతికితే మనిషి మనవాడే. పర్సులో జెల్-ఓ అట్టముక్క ఉంటే ఎవరు అనుమానిస్తారు?

తమ్ముడు: ఆ ముక్కలనే కోర్టులో చూపించారా?

అక్క: అవి దొరకలేదు. కోర్టులో చూపించడానికి మరో పెట్టెను అలాగే కత్తిరించారు. ఆ ముక్కలు ఇప్పటికీ అమెరికా జాతీయ పత్రభాండాగారంలో ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ రుచి.