కాసేపు ఊపిరి బిగబట్టి చూద్దాం

అందరికీ నమస్కారం.

ముందుగా కుడి చెయ్యి పొట్ట మీద, బొడ్డుకు కాస్త పైన పెట్టుకోండి. ఎప్పటిలాగే ఊపిరి పీల్చండి. చెయ్యి కొంచెం లేచింది కదూ? గాలి వెళ్ళింది ఛాతీలోకి, లేచిందేమో పొట్ట.

ఊపిరితిత్తులు తమంతట తాము ఉబ్బలేవు. అందుకు కావలసిన కండరం వాటికి లేదు. ఆ పని చేసిపెట్టేది వాటి కింద గొడుగులా పరుచుకున్న ఉదర వితానం. డాక్టర్లు డయాఫ్రమ్ అంటారు. అది బిగుసుకుని కిందికి దిగుతుంది, పొట్టలో ఉన్నవాటిని నొక్కుతుంది. మీ చెయ్యి లేచింది అందుకే. అదే సమయంలో పక్కటెముకలు కూడా విచ్చుకుంటాయి. ఛాతీలో చోటు పెరిగి పీడనం తగ్గుతుంది, బయటి గాలి దానంతటదే లోపలికి వచ్చేస్తుంది.

మామూలు ఊపిరికి సుమారు 500 మిల్లీలీటర్ల గాలి వస్తుంది. అందులో 150 దాకా ముక్కు, గొంతు, గొట్టాల్లోనే ఆగిపోతుంది. మిగతాది వాయుగోణులకు చేరుతుంది. ఇవి ఆవగింజకన్నా చిన్న గాలి బుడగలు, 30 కోట్లకు పైనే ఉంటాయి. వీటి గోడల్ని విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు! గాలికీ రక్తానికీ మధ్య అడ్డు మైక్రాన్ మందం, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఎర్ర రక్తకణం ఆ పక్కనుంచి వెళ్ళడానికి పట్టేది ముప్పావు సెకను. ఆ కాస్త టైములోనే ఆక్సిజన్ నింపుకుని వెళ్ళిపోతుంది.

ఇంత చిన్న బుడగలు, పైగా లోపలంతా తడి. అవి అతుక్కుపోవాలి కదా? పోకుండా సర్ఫాక్టెంట్ అనే పదార్థం, సబ్బు నురగను నిలబెట్టినట్టు, వాటిని నిలబెడుతుంది. నెలలు నిండకుండా పుట్టి ఊపిరందక పోయే పిల్లల్లో ఇదే చాలడం లేదని 1959లో మేరీ ఎలెన్ అవరీ, జెర్ మీడ్ అనే పరిశోధకులు తేల్చారు. ఇప్పుడు దాన్ని నేరుగా బిడ్డ వాయునాళంలోకే పంపుతున్నారు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు మనసు నిండిపోతుంది.

ఇప్పుడు ఊపిరి బిగబట్టండి. కాసేపటికే ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆక్సిజన్ అయిపోయిందనుకుంటాం. కాదు, ఇంకా చాలానే ఉంది. మనం వదిలే గాలిలో కూడా దాదాపు 16 శాతం ఆక్సిజనే. మెదడు కింది భాగంలో ఉన్న మెడుల్లా ముఖ్యంగా కనిపెట్టి చూసేది రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్‌ని. అది పెరిగితే "పీల్చు, పీల్చు" అని తొందరపెడుతుంది.

ఈతకు వెళ్ళే పిల్లలున్నవాళ్ళు ఈ ఒక్కటీ గట్టిగా గుర్తుపెట్టుకోండి. నీళ్ళలో ఎక్కువసేపు ఉండాలని కొందరు మునిగే ముందు గబగబా పెద్ద ఊపిర్లు తీస్తారు. దానివల్ల ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా పడిపోతుంది. ఇక ఆ తొందరపెట్టడం ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ తరిగిపోయి, ఏ ఇబ్బందీ తెలియకుండానే స్పృహ తప్పుతుంది. ఆ తర్వాత శరీరం మళ్ళీ ఊపిరి పీలుస్తుంది, నీళ్ళలోనే.