480 మంది పోటీ, అడిగింది ఒక్కటే

హోస్ట్: నమస్తే అండీ. ఊరి సమస్య మీద కదలాలని ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. చాలామంది అడిగే ప్రశ్నే ఇది. అందుకే ఇవాళ నల్లగొండ జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచర్‌ని పిలిచాం. సార్, నేరుగా 1996కే పోదామా?

సార్: పోదాం అమ్మా. ఆ ఏడు లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీలో నిలిచారు. అప్పుడు ఈవీఎంలు లేవు, కాగితం బ్యాలెట్. అన్ని పేర్లు, అన్ని గుర్తులు ఒక్క కాగితం మీద పట్టవు కదా! బ్యాలెట్‌ని పుస్తకంలాగా అచ్చు వేయాల్సి వచ్చింది. పోలింగే వాయిదా పడింది.

హోస్ట్: అంతమంది ఎందుకు నిలబడ్డట్టు?

సార్: నీళ్ల కోసం. జలసాధన సమితి, దుశ్చర్ల సత్యనారాయణ గారు నడిపించిన ఉద్యమం. మా దగ్గర బోరు ఎంత లోతుకు పోతే నీళ్లలో ఫ్లోరైడ్ అంత ఎక్కువయ్యే ఊళ్లున్నాయి. మా కింద ఉన్నది గ్రానైట్ రాయి, అందులోంచి కరిగి నీళ్లలో కలుస్తది. చిన్నప్పుడు పళ్లకు గార, పెద్దయ్యాక మోకాళ్లు వంకర, నడుము వంగిపోవుడు. మర్రిగూడ, మునుగోడు వైపు ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు.

హోస్ట్: అయితే ఇది కొత్త సంగతి కాదన్నమాట.

సార్: ఎక్కడి కొత్త! ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును ఫ్లోరోసిస్ అంటరు. మన దేశంలో దాన్ని మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్ నీరీ సంస్థ తయారు చేసింది. దాని పేరే ‘నల్లగొండ టెక్నిక్’. ప్రపంచమంతా మా జిల్లా పేరుతోనే చదువుకుంటది. మాకు మాత్రం నీళ్లు రాలేదు.

హోస్ట్: ఆ ఎన్నికల్లో ఉద్యమం తరఫున నిలబడ్డవాళ్లలో ఎవరైనా గెలిచారా?

సార్: లేదమ్మా. సీపీఐ నుంచి ధర్మభిక్షం గారు గెలిచారు. మిగతావాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్ గల్లంతు. గెలవాలని ఎవరు నిలబడ్డరు? దేశమంతా ‘ఈ నల్లగొండలో ఏమైంది’ అని అడగాలె, అంతే. అడిగింది.

హోస్ట్: ఒక మాట అనొచ్చా? అది స్టంట్ కాదా?

సార్: స్టంటే అనుకోండి. కానీ అడిగింది ఒక్కటే: కృష్ణా నీళ్లు మా జిల్లాకు రావాలె. పింఛను ఇయ్యండి, ఆసుపత్రి కట్టండి, రోడ్డు వేయండి అని పది కోరికలు పెట్టి ఉంటే, తొమ్మిదిటికి హామీలిచ్చి పంపేవాళ్లు. నాకైతే ఆ ఉద్యమంలో బాగా నచ్చింది ఇదే.

హోస్ట్: ఆ తర్వాత చట్టం మారింది కదా?

సార్: అదే ఏడాది. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. ఇక ఆ దారి మూసుకుపోయింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్, అంటే శిలాస్తంభం, మా చౌటుప్పల్‌లో 2015లో పడింది. అంటే 19 ఏళ్లు! నల్లా నీళ్లు వచ్చినయి. సాగునీటి కోసం అడిగిన ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం మాత్రం ఇంకా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరిలో అందులో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు, విన్నారుగా.

హోస్ట్: విన్నాం సార్. సరే, ఇవాళ ఒక ఊళ్లో నీళ్ల మీద అనుమానం ఉంది. ఏం చేయాలి?

సార్: ముందు పరీక్ష. చాలా పంచాయతీల్లో ఫీల్డ్ టెస్ట్ కిట్ ఉంటది, అడగండి. నీళ్లలో ఆ కిట్‌లోని మందు చుక్కలు వేస్తే రంగు వస్తది. గులాబీ నుంచి పసుపు వైపు పోయిన కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువ. కిట్ అంచనాకే. ల్యాబ్‌కు పంపేటప్పుడు ప్లాస్టిక్ సీసాలో పంపండి, గాజుది వద్దు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. అన్నట్టు, మరగబెడితే పోతుందని అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

హోస్ట్: రిపోర్టు చేతికొచ్చాక?

సార్: గ్రామసభలో పెట్టి తీర్మానం పుస్తకంలో రాయించండి. మాటలతో వదలొద్దు. పాత రిపోర్టులు కావాలంటే ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం ఉంది. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె.

హోస్ట్: ఒక్కరే పోయి అడిగితే భయం కదా సార్, ఊళ్లో మొహమాటాలు కూడా.

సార్: ఒక్కరే పోవద్దు. మహిళా సంఘం వాళ్లను కలుపుకోండి. నీళ్లు మోసేది వాళ్లే, ఏ బోరు ఎప్పుడు చెడిందో వాళ్లకే తెలుసు. మగవాళ్లు అప్లికేషన్ రాసి ఫొటో దిగి పోతారు, మా ఊళ్లో చూసినం. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటది. అర్జీ ఇచ్చినప్పుడు రశీదు నంబరు అడిగి తీసుకోండి. ఆ నంబరు లేకుంటే తర్వాత పోయినప్పుడు మళ్లా మొదటికే.